మాటపెట్టె

నెల్లిమర్లలో మిల్లు సైరను మూగబోయి ఏడో నెల.
మా అప్ప ఎర్రయ్యమ్మ మాత్రం
ఇంకా మొదటి షిఫ్టుకే నిద్ర లేస్తుంది.

ఇరవై రెండేళ్లు మగ్గాల మధ్య నిలబడ్డ మనిషి.
అక్కడ మాట వినపడదు.
పెదాలు చూసి కూలి లెక్క,
పెదాలు చూసి ఎవరింట్లో ఎవరు నీళ్లోసుకున్నారో,
పెదాలు చూసి మేస్త్రి మీద తిట్టు.
చెవులు ఎప్పుడు సెలవు పెట్టాయో
తనకే తెలీదు.

నేను పెళ్లిళ్ల మైకుసెట్లు బాగుచేసేవాణ్ణి.
చంపావతి అవతలి ఊళ్లకి కూడా
వినపడేలా అరిపించడం వచ్చు.
ఒక్క మనిషికి వినపడేలా మాట్లాడించమని
ఎవరూ అడగలేదు.

రాత్రి తొమ్మిదికి డబ్బింగు సినిమా.
ఆడి పెదాలు ఎక్కడిదో భాషలో కదుల్తాయి,
మాట మన భాషలో వస్తుంది.
అప్ప పెదాలు చదువుతుంది, ఒక్క అక్షరం అతకదు.
"ఏటంతన్నాడ్రా ఆడు?"
చెప్పేలోపు ఆడు ఇంకోటి అనేస్తాడు.
ఎడం బాక్సులో కారు పోతుంది,
కుడి బాక్సులో వాన,
మాట రెంటి మధ్యా తడిసి ముద్దయిపోతుంది.

అందుకే మొదలెట్టాను.
టీవీ కింద, సరిగ్గా నడుమ, ఓ పెట్టె.
మాటకి మాత్రమే.

వీర్రాజు దగ్గర పద్దెనిమిది ఎమ్మెమ్ ప్లైవుడ్డు,
ఎవరి వంటగదిలోనో మిగిలిన ముక్క.
అయిదంగుళాల వూఫర్లు రెండు, మధ్యన ట్వీటరు.
"గుడ్లగూబకి గూడు కడతన్నావేటి బావా?"
నవ్వుతూనే గుండ్రాలు కోసిచ్చాడు.
మూలమూలకీ ఫెవికాల్, పైన రెండ్రోజులు ఇటుకల బరువు.
గాలి దూరే సందుంటే
మాట అటే పారిపోతుంది మరి.

రాగితీగ చుట్టలు నేనే చుట్టాను,
మోటారు వైండింగు షాపులో తూకానికి కొన్న తీగ.
లావు గొంతు ఇటు, సన్న గొంతు అటు,
ఒక్క గొంతునే చీల్చి
మళ్లీ ఒక్కటేనని నమ్మించే పని.
లావు అక్షరాలు అప్పకి అందుతాయి.
స, శ, త, ఈ సన్నవే దారిలో రాలిపోతాయి.
ట్వీటరు ముందున్న రెసిస్టరు పీకేశాను.
లెక్క ప్రకారం తప్పే.
లెక్కకి మా అప్ప తెలీదు.

లోపల కూరడానికి దూది కొందామనుకుంటే
అటక మీంచి గోనె దింపింది.
మిషను కింద ఊడ్చిన నారపీచు,
తలగడకని దాచుకుందట.
"సాల్తాదేట్రా?"
ఏ నార నేస్తూ చెవులు పోగొట్టుకుందో
ఆ నారే ఇప్పుడు పెట్టె గోడలకి అంటుకుని
ఎక్కువైన మోతని మింగుతుంది.
ఈ సంగతి తనతో అనలేదు.
పీచు పట్టించాను. తుమ్మాను.

మొదటి రాత్రి మాట నూతిలోంచి వచ్చింది.
ఒక వూఫరుకి ప్లస్సూ మైనస్సూ తిరగేశాను,
ఒకటి నెడుతుంటే రెండోది పీలుస్తోంది.
ఇరవయ్యేళ్లు తీగలు కలిపిన చెయ్యి!
ఎవరికీ చెప్పకండి.
ఎనిమిది స్క్రూలూ విప్పి, మార్చి, బిగించి,
మళ్లీ తుమ్మి,

రెండో రాత్రి.
అప్ప కుర్చీ వదిలేసి పెట్టె పక్కన చతికిలబడింది.
పై పలక మీద అరచెయ్యి ఆన్చింది.
ఆ చెయ్యి నాకు తెలుసు,
పోగు తెగితే కన్ను కన్నా ముందు కనిపెట్టేది.
తెర మీద ఓ లాయరు సాగదీసి వాదిస్తున్నాడు.
అప్ప తెరకేసి చూడ్డం లేదు.
కళ్లు మూసుకుంది.

చాలాసేపటికి,
"ఈడు అబద్దమాడతన్నాడ్రా" అంది.
"గొంతులోనే తెలిసిపోతంది."

నాకేదో అయింది.
"ఎన్నాళ్లయిందే అప్పా, గొంతు విని" అన్నాను.
నా మాటకి పెట్టె లేదు.
కళ్లు తెరిచి, అలవాటుగా నా పెదాలకేసి తిరిగి,
"ఏటంతన్నావు?" అంది.

"ఏం లేదు. సినిమా చూడు"
అన్నాను, పెదాలు పెద్దగా కదిపి.